వాన వెలిశాక దొరికిన రాణి చీమ: ఏ జాతిదో ఎలా తేల్చాలి?

ప్రశ్న క్లుప్తంగా ఇదీ. అనంతపురంలో మొన్న వాన వెలిసిన రాత్రి వరండా లైటు కింద ఒక పెద్ద నల్ల చీమ దొరికింది. రెక్కలు లేవు. స్కేలు పెట్టి కొలిస్తే ఒకటిన్నర సెంటీమీటరు పైనే ఉంది. ఎనిమిదో తరగతి చదివే పాప దాన్ని గాజు సీసాలో పెట్టి పెంచుతానంటోంది. అది రాణేనా, ఏ జాతి, తిండి ఏం పెట్టాలి అని వాళ్ల నాన్నగారు అడిగారు. మూడు ఫొటోలు పంపారు, వాటిలో ఒకటి కాస్త స్పష్టంగా ఉంది.

ముందు జవాబు చెప్పేస్తాను. అది రాణే. కాంపొనోటస్ అనే ప్రజాతికి, అంటే దగ్గరి బంధువులైన జాతుల గుంపుకు, చెందినది. మన పెరళ్లలో, చెట్ల మొదళ్లలో తిరిగే గండు చీమ, అంటే కాంపొనోటస్ కంప్రెసస్, అయ్యుండే అవకాశం ఎక్కువ. అయితే ఈ ఒక్క ఫొటో చూసి జాతి ఇదేనని ఒట్టేసి చెప్పలేను. ఈరోజే చెప్పాల్సిన తొందర కూడా లేదండి. రాణిని బతికించుకోవడానికి ప్రజాతి తెలిస్తే చాలు. జాతి పేరు తొలి వర్కర్లు, అంటే పని చీమలు, పుట్టాక నెమ్మదిగా తేలుతుంది. కాంపొనోటస్ రాణికి ఇప్పుడు తిండి అక్కర్లేదు. నీళ్లు, చీకటి, కదిలించకుండా ఉండటం, ఈ మూడూ చూసుకోండి.

ఇక రాణి అని ఎలా అన్నానో చెప్తాను, ఎందుకంటే రేపు మీ పాప ఇంకో చీమను పట్టుకొస్తే తనే చూసుకోవాలి.

చాలామంది సైజు చూసి రాణి అనేస్తారు. గండు చీమల్లో సైజును నమ్మడానికి లేదు. వాటిలో పెద్ద తల, బలమైన దవడలు ఉన్న మేజర్ వర్కర్లు ఉంటాయి. అలవాటు లేని కంటికి అవి రాణిలాగే కనిపిస్తాయి. చూడాల్సింది మధ్య భాగం, అంటే కాళ్లు అతుక్కుని ఉండే వక్షం. వర్కర్‌కు ఎగిరే పని లేదు కాబట్టి దాని వక్షం సన్నగా, రెండు పక్కలా నొక్కినట్టు ఉంటుంది. రాణి జీవితంలో ఒక్కసారైనా ఎగరాలి. రెక్కలను ఆడించే కండరాలన్నీ అక్కడే పట్టాలి. అందుకే రాణి వక్షం లావుగా, వీపు ఉబ్బెత్తుగా ఉంటుంది. పైనుంచి చూస్తే వీపు మీద పలకలు, వాటి మధ్య అతుకు గీతలు తెలుస్తాయి. మీ రెండో ఫొటోలో ఆ ఉబ్బు చక్కగా కనిపిస్తోంది.

రెండో గుర్తు రెక్కల మచ్చలు. పది రెట్లు పెద్దగా చూపించే భూతద్దం ఒకటి కొనుక్కోండి, లేదా ఫోనుకు తగిలించే మాక్రో లెన్సు అయినా సరే. వక్షం పక్క భాగంలో, పై అంచుకు కొంచెం కిందగా, ముందొకటి వెనకొకటి చిన్న మొద్దుల్లాంటివి కనిపిస్తాయి. ఊడిన రెక్కల మొదళ్లు అవే. రాణి నేల మీద దిగాక కాళ్లతో రెక్కలను కిందికి నొక్కి, అటూ ఇటూ మెలితిప్పి తనే విరిచేసుకుంటుంది. తెల్లారి లైటు కింద ఊడ్చేటప్పుడు చెత్తలో కనిపించే సన్నని రెక్కల్లో ఇలాంటివి కూడా ఉంటాయి. మూడో గుర్తు నెత్తి మీద త్రిభుజం ఆకారంలో మూడు చిన్న చుక్కలు. అవి కూడా కళ్లే. గండు చీమల వర్కర్లకు అవి ఉండవు, రాణికి ఉంటాయి.

రాణి అనుకుని పొరపడే పురుగులు మన జిల్లాల్లో కొన్ని ఉన్నాయి. నాకు వచ్చే ఫొటోల్లో తరచూ కనిపించేవి ఇవే.

మొదటివి ఉసిళ్ళు, అంటే రెక్కలొచ్చిన చెద పురుగులు. రెక్కలతో ఉన్నప్పుడు మన ఊళ్లలో ఎవరూ పొరబడరు, తొలకరి వానకు పుట్టల్లోంచి పొగలా లేస్తాయి, వేయించుకు తినేవాళ్లకు బాగా తెలుసు. రెక్కలు రాల్చి జంటగా నేల మీద పాకుతున్నప్పుడే కొత్తవాళ్లు రాణి చీమ అనుకుంటారు. చెద పురుగుకు నడుము ఉండదు, వక్షం, పొట్ట ఒకే మందంలో కలిసిపోయి ఉంటాయి. మీసాలు పూసలు గుచ్చినట్టు తిన్నగా ఉంటాయి. చీమ మీసం మోచేయిలా మధ్యలో వంగుతుంది. ఈ ఒక్క తేడా చాలు.

తర్వాత మగ చీమలు. రెక్కలుంటాయి, తల చిన్నగా ఉంటుంది, ఒళ్లు సన్నగా ఉంటుంది. కొద్ది రోజుల్లో చచ్చిపోతాయి, వాటిని పెట్టుకుని లాభం లేదు. వీటిలో ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి. ప్రొద్దుటూరు నుంచి ఒక డిగ్రీ విద్యార్థి గోధుమ రంగులో, వేలి కణుపంత లావున్న రెక్కల పురుగు ఫొటో పంపి, ఇంత పెద్ద రాణిని ఎప్పుడూ చూడలేదని రాశాడు. ఒంటి మీద సన్నని నూగు, గొట్టంలా పొడవైన పొట్ట, ట్యూబ్‌లైటుకు కొట్టుకుంటూ తిరిగే తీరు. అది డోరిలస్ అనే చీమల మగది. చూస్తే కందిరీగ అనుకునేవాళ్లే ఎక్కువ. డోరిలస్ రాణికి అసలు రెక్కలే రావు, నేల లోపలే ఉంటుంది. లైటు దగ్గర దొరికే డోరిలస్ ఎప్పుడూ మగదే.

ఇంకొకటి డయకమ్మ. ఎర్ర నేలల్లో, పొలం గట్ల మీద, ఒక సెంటీమీటరు పొడవుతో బూడిద నలుపులో ఒంటరిగా తిరుగుతుంది. ఒంటి నిండా సన్నని గీతలు చెక్కినట్టు ఉంటాయి. పుట్ట ద్వారం చుట్టూ ఈకలు, పుల్లలు, ఎండిన పురుగుల ముక్కలు పేర్చుకుంటుంది. ఆదోనిలో ఒక మిత్రుడు దీన్ని రాణి అని ట్యూబులో పెట్టి గుడ్ల కోసం ఎదురుచూశాడు. డయకమ్మలో రెక్కల రాణి అనేదే లేదు. వర్కర్లలోనే ఒకటి జతకట్టి గుడ్లు పెడుతుంది, దాన్ని గేమర్‌గేట్ అంటారు. బయట తిండికి తిరుగుతూ దొరికింది మామూలు వర్కరే అనుకోవాలి.

ఒంటి మీద మెత్తని వెంట్రుకలు, మెరిసే మచ్చలు ఉండి చీమలా పరిగెత్తేది కనిపిస్తే పాపను చేత్తో ముట్టుకోనివ్వకండి. అది రెక్కలు లేని ఆడ కందిరీగ జాతి, కుడితే చాలాసేపు మంట.

రాణి అని తేలాక నడుము చూడండి. ప్రజాతి తేల్చడంలో నేను అన్నిటికన్నా ఎక్కువగా ఆధారపడేది దీని మీదే. వక్షానికీ పొట్టకూ మధ్య ఉన్న సన్నని భాగంలో ఒక ముడి ఉందా, రెండున్నాయా? పక్క నుంచి తీసిన ఫొటోలోనే ఇది తెలుస్తుంది, పైనుంచి తీస్తే లాభం లేదు. మీ రాణికి ఒకే ముడి, నిలబెట్టిన పలకలా ఉంది. పొట్ట మొదటి భాగం తర్వాత నొక్కు లేదు. పొట్ట చివర కుట్టే ముల్లు లేదు, దాని బదులు చుట్టూ సన్నని వెంట్రుకలున్న గుండ్రని రంధ్రం ఉంటుంది, ఫార్మిక్ ఆమ్లం అక్కడి నుంచే చిమ్ముతుంది. ఈ లక్షణాలతో ఫార్మిసినే అనే ఉపకుటుంబంలోకి వస్తాం. అందులో మన ప్రాంతంలో ఇంత పెద్ద నల్ల రాణి, వక్షం మీదా నడుము మీదా ముళ్లు లేకుండా ఉన్నదంటే కాంపొనోటస్సే. ముళ్లుంటే పాలిరాకిస్ అని అనుమానించాలి.

రెండు ముడులుంటే దారి వేరు. ఎరుపు గోధుమ రంగులో, సెంటీమీటరు లోపు ఉండి, మీసం చివర రెండు కణుపులు గదలా ఉబ్బి ఉంటే అది సొలెనాప్సిస్, మనం ఎర్రచీమ అని తిట్టుకునేది కావచ్చు. సొలెనాప్సిస్ జెమినాటా అమెరికా ఖండం నుంచి వచ్చి ఇక్కడ పాతుకుపోయిన చీమ. కాలనీ త్వరగా పెరుగుతుంది, కుడుతుంది, ట్యూబు మూతకు కాస్త సందు దొరికినా బయట పడుతుంది. పిల్లలున్న ఇంట్లో దీన్ని పెంచొద్దనే నా సలహా. మీసం చివర మూడు కణుపుల గద, వక్షం వెనక రెండు చిన్న ముళ్లు ఉంటే ఫైడోలె. ఇది కొత్తవాళ్లకు మంచిది, పెద్ద తలల సైనికులు పుట్టడం చూస్తే పిల్లలు వదలరు. వెనక నడుము ముడి పొట్ట పైభాగానికి అతుక్కుని, పొట్ట కొస తేలుకొండిలా పైకెత్తే చీమ క్రెమటోగాస్టర్.

రాణి మీ గండు చీమ రాణికన్నా కూడా లావుగా, రెండు సెంటీమీటర్ల దాకా, గోధుమ రంగులో ఉండి నడుముకు రెండు ముడులుంటే అది కెరెబారా. చూసి ముచ్చటపడి చాలామంది పెట్టుకుంటారు. దాని చిన్న వర్కర్లు మరీ చిన్నవి, అంత పెద్ద రాణి అంత చిన్న పిల్లలను తొలి తరంలో పెంచుకురావడం చాలా కష్టం. అనుభవం ఉన్నవాళ్ల దగ్గర కూడా ఎక్కువగా విఫలమవుతుంది. సన్నగా పొడుగ్గా, నల్లని తల, నల్లని పొట్ట, మధ్యలో ఇటుక రంగు వక్షంతో ఉన్నది టెట్రపొనెరా రూఫోనైగ్రా. దాన్ని చేతిలోకి తీసుకోవద్దు, కుడితే బాగా నొప్పి.

ఈ పేర్లన్నీ ఎందుకంటే, పేరును బట్టి తిండి మారుతుంది. కాంపొనోటస్, ఫైడోలె, సొలెనాప్సిస్, క్రెమటోగాస్టర్ రాణులు తొలి పిల్లలు వచ్చేదాకా ఏమీ తినవు. ఇక అవసరం లేని రెక్కల కండరాలు, ఒంట్లోని కొవ్వు కరిగి ఆ శక్తితోనే గుడ్లు పెట్టి లార్వాలను సాకుతాయి. తేనె చుక్క వేస్తానని రోజూ మూత తీస్తే రాణి బెదిరి గుడ్లు తినేస్తుంది. మరోవైపు పెద్ద కళ్లు, పొడవాటి దవడలతో ఎగిరి దూకే హార్పెగ్నాథస్ లాంటి వాటి రాణికి మొదటి రోజుల్లోనే చిన్న చిన్న పురుగులు వేటాడటానికి ఇవ్వాలి. వాటిని పస్తు పెడితే చస్తాయి. ఒక ముడి ఉండి, దాని తర్వాత పొట్టలో నొక్కు ఉండి, కుట్టే ముల్లు కూడా ఉన్న రాణి అయితే తిండి కావాల్సిందే అనుకుని మొదలుపెట్టండి. ఈ తేడా తెలియక చనిపోయే రాణులే ఎక్కువ. జాతి పేరు తప్పు రాసినందుకు ఏ రాణీ చనిపోలేదు.

ఇక కాంపొనోటస్ లోపల జాతి. మన దేశంలో చీమలు ఉపజాతులతో కలిపి 828 రకాలు, 100 ప్రజాతులు అని 2016లో వచ్చిన జాబితా లెక్క. అందులో కాంపొనోటస్ పెద్ద ప్రజాతి. మన జిల్లాల్లో మీకు తారసపడేవి కొన్నే. కంప్రెసస్ అన్నిటికన్నా పెద్దది, నలుపు, కాళ్ల మొదళ్లు, మీసాలు ఎర్రని ఛాయలో ఉంటాయి. సెరిసియస్ పొట్ట మీద బంగారు పట్టులాంటి నూగు మెరుస్తుంది, దాన్ని గుర్తుపట్టడం తేలిక. పారియస్ కంప్రెసస్ కన్నా చిన్నది, పొట్ట మీద బూడిద రంగు నూగు. ఇరిటాన్స్ గోధుమ పసుపు రంగులో ఉండి రాత్రి పూట తిరుగుతుంది. మీరు పంపిన ఫొటోలో కాళ్ల మొదళ్ల దగ్గర ఎరుపు కనిపిస్తోంది, పొట్ట మీద మెరుపు లేదు, సైజు పెద్దది. అందుకే కంప్రెసస్ అంటున్నాను. మసక ఫొటోలో లైటు మెరుపు కూడా నూగులా కనిపించవచ్చు కాబట్టి కొంచెం అనుమానం ఉంచుకుంటున్నాను.

జతకట్టిన రాణేనా అన్నది ఇంకో ప్రశ్న, మీరు అడగకపోయినా చెప్పాలి. రెక్కలు విరుచుకుని నేల మీద సందులు వెతుకుతూ తిరుగుతోందంటే జతకట్టి ఉండే అవకాశం ఎక్కువ. ఖాయం అని మాత్రం కాదు. కొన్ని రాణులు జతకట్టకుండానే రెక్కలు రాలుస్తాయి, కొన్ని జతకట్టాక కూడా రెక్కలతోనే ఉంటాయి. రెక్కలున్న రాణి దొరికితే వాటిని మీరు లాగొద్దు. చీమల్లో ఫలదీకరణ జరగని గుడ్ల నుంచి మగవే పుడతాయి. కాబట్టి వర్కర్ పుట్టిన రోజే రాణి జతకట్టిందని నిజంగా రుజువైనట్టు.

రాణులు ఎగిరేది ఎక్కువగా తొలకరికి. రోహిణి ఎండ తర్వాత మృగశిర, ఆరుద్ర కార్తెల్లో మంచి వాన పడి, గాలి ఆగి, ఉక్కగా ఉన్న సాయంత్రాలు చూడండి. మన వైపు సెప్టెంబరులో వానలు ఎక్కువ, అప్పుడూ కొన్ని రకాలు బయటికొస్తాయి. దొరికిన తేదీ, వేళ, వాన ఎప్పుడు పడింది, నేల ఎర్రదా నల్లరేగడా అన్నది ఒక నోటుబుక్కులో పాపతో రాయించండి. ఒకే రాత్రి ఒక ప్రాంతంలో ఒకే జాతి రాణులు కలిసి ఎగురుతాయి కాబట్టి, రెండు మూడేళ్లు రాస్తే తేదీ చూసే సగం గుర్తుపట్టవచ్చు.

సీసాలోంచి రాణిని టెస్ట్ ట్యూబులోకి మార్చండి. మూడో వంతు నీళ్లు, నీళ్లకు అడ్డంగా దూది బిగించి, రాణిని వదిలి, అవతలి మూతకు ఇంకో దూది. దూది ఎక్కువ నొక్కితే నీళ్లు ఊరవు, తక్కువైతే కారిపోతాయి, ట్యూబును తలకిందులు చేసి ఒకసారి చూసుకోండి. మన దగ్గర అసలు టెన్షన్ వేడి గురించే. మిద్దె కింద పై అరలో పెట్టొద్దు, కిటికీ దగ్గర వద్దు. కడప బండ అల్మారా ఉంటే దాని అడుగు అరలో, చెప్పుల డబ్బాలో పెట్టి మూయండి. ఇంట్లో తిరిగే సన్న చీమలు ట్యూబులో దూరి రాణిని చంపేయగలవు. బెల్లం డబ్బాకు చేసినట్టే డబ్బాను నీళ్ల పళ్లెంలో ఒక గిన్నె మీద ఉంచండి. ఆ గదిలో చీమల మందు, చాక్‌పీసు గీతలు ఏవీ వద్దు. ఫొటో కోసం ఫ్రిజ్‌లో పెట్టి చల్లబరిచే పద్ధతి ఒకటి ఉంది, కొత్తగా గూడు పెట్టే రాణికి నేను అది చేయను, ట్యూబు గాజులోంచే తీస్తాను.

వారానికి ఒకసారి మాత్రం చూడనివ్వండి. మొదట చిన్న తెల్ల గుడ్లు ఒక ముద్దగా కనిపిస్తాయి, తర్వాత లార్వాలు, తర్వాత ప్యూపాలు. ఇక్కడ ప్రజాతి విషయంలో మనకు ఇంకో సాక్ష్యం దొరుకుతుంది. కాంపొనోటస్ లార్వా తన చుట్టూ గూడు అల్లుకుంటుంది, హిందూపురం మార్కెట్టుకు వచ్చే పట్టుగూళ్లను బియ్యపు గింజంత చేసినట్టు ఉంటుంది, ఒక కొసన చిన్న నల్ల చుక్క. ఆ చుక్క లార్వా గూడు అల్లాక వదిలిన మలం. రెండు ముడుల చీమల్లో ప్యూపాలు గూడు లేకుండా తెల్లగా, కాళ్లూ మీసాలూ ముడుచుకుని బయటికే కనిపిస్తాయి. మీ ట్యూబులో గూళ్లు కనిపిస్తే నేను చెప్పిన ఉపకుటుంబానికి ఇంకొంత బలం వచ్చినట్టే. గుడ్డు నుంచి తొలి వర్కర్ దాకా మన వేడికి సుమారు నెల నుంచి నెలన్నర పట్టవచ్చు. మూడు నాలుగు వారాలైనా గుడ్లే లేకపోతే రాణిని దొరికిన చోటే, తడి ఉన్న రోజు సాయంత్రం వదిలేయడం మంచిది.

ఇంటి ఆవరణలో దొరికిన రాణికి ఇబ్బంది లేదు. శ్రీలంకమల్లేశ్వర, రోళ్లపాడు లాంటి అభయారణ్యాల్లో మాత్రం ఏ జీవినీ అనుమతి లేకుండా పట్టకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వర్తిస్తుంది. పుట్ట తవ్వి రాణిని తీయడం ఎక్కడా చేయకండి. రాణి పోతే ఆ పుట్టంతా మెల్లగా చచ్చిపోతుంది. పెంచిన కాలనీని తీసుకెళ్లి వేరే ఊళ్లో వదలడం కూడా వద్దు.

వర్కర్లు పుట్టాక బెల్లం నీళ్ల చుక్క, చంపిన దోమ ఒకటి ఇవ్వండి. అప్పుడు మూడు ఫొటోలు పంపండి: వర్కర్‌ను పక్క నుంచి ఒకటి, పైనుంచి ఒకటి, ముఖం ఎదురుగా ఒకటి. పక్కన స్కేలు ఉండాలి, వెలుతురు పగటిది అయితే మంచిది, ఫ్లాష్ వద్దు. తొలి తరంలో పుట్టేవన్నీ చిన్నవే, వాటితో కొంత తెలుస్తుంది. కాలనీ పెరిగి మొదటి మేజర్ వచ్చాక దాని తల ఫొటో పంపితే కంప్రెసస్ అవునో కాదో చెప్పేస్తాను.